ఇంటి జోళ్ళ కార్ఖానా

ఇంట్లో ఒక గదిలోనో వసారాలోనో, ఒకరిద్దరు మనుషులు చేతి పనిముట్లతో, మహా అయితే ఒకటి రెండు చిన్న యంత్రాలతో చెప్పులు, బూట్లు తయారుచేసే చోటే ఇంటి జోళ్ళ కార్ఖానా. దీనికి పెద్ద స్థలం అక్కర్లేదు. ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు ఉన్న గది చాలు. పని నిలబడేదీ లేనిదీ ప్రధానంగా రెండింటి మీద ఆధారపడుతుంది: పాదానికి సరిపడే లాస్టు (జోడును మలిచే పాదం ఆకారపు దిమ్మ), జిగురు సొల్యూషన్ ఆవిరిని బయటికి తీసుకుపోయే గాలి. కొత్తగా మొదలుపెట్టేవారిలో చాలామంది ఈ రెండింటినీ పక్కనపెట్టి ముందు కుట్టుమిషను, ఖరీదైన తోలు కొంటారు. ఆ వరుస తప్పు.

పూర్వరంగం

జోళ్ళ తయారీ మొదటినుంచీ ఇంటి పనే. ఫ్యాక్టరీ వచ్చింది నిన్నమొన్న. ఆర్మేనియాలోని అరెని గుహలో 2008లో దొరికిన తోలు జోడు దాదాపు 5,500 ఏళ్ళ నాటిది. ఒకే ఆవుతోలు ముక్కను పాదం చుట్టూ మడిచి, తోలు వారుతో బిగించి కుట్టారు. విడిగా సోలు లేదు, మడమ లేదు. అంత సులువైన పని నుంచి అప్పర్ (జోడు పైభాగం), ఇన్‌సోల్ (లోపలి అడుగు), సోల్, హీల్ అన్నీ వేరువేరుగా చేసి కలిపే పనికి రావడానికి వేల ఏళ్ళు పట్టినా, పని మాత్రం ఇల్లు దాటలేదు.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో లిన్ అనే ఊరు ఇందుకు మంచి ఉదాహరణ. పద్దెనిమిదో శతాబ్దం నుంచి పంతొమ్మిదో శతాబ్దం మధ్య దాకా అక్కడ ఇళ్ళ వెనక పదడుగుల చదరపు కొట్టాలు ఉండేవి. వాటిని ‘టెన్ ఫుటర్’ అనేవారు. మగవాళ్ళు అక్కడ కూర్చుని సోళ్ళు బిగిస్తే ఆడవాళ్ళు ఇంట్లో అప్పర్లు కుట్టేవారు. 1850ల్లో కుట్టుమిషన్లు వచ్చి ఆడవాళ్ళ పనిని ఫ్యాక్టరీకి లాగాయి. 1858లో లైమన్ బ్లేక్ సోలు కుట్టే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాక మగవాళ్ళ పనీ అదే దారి పట్టింది. 1860లో లిన్ కార్మికులు చేసిన సమ్మె ఆ దేశపు తొలి పెద్ద సమ్మెల్లో ఒకటి. అప్పర్‌ను లాస్టు మీద లాగి బిగించే పని ఒక్కటే ఇంకా కొంతకాలం చేతిలో మిగిలింది. దానికీ 1883లో యాన్ మాట్జెలిగర్ యంత్రం కనిపెట్టాడు. మన దేశంలోని ఆగ్రాలో మాత్రం ఇంటి కార్ఖానాలు నేటికీ పనిచేస్తున్నాయి. గల్లీల్లోని ఇళ్ళలో తయారైన జతలు హింగ్ కీ మండీ బజారుకు చేరతాయి.

తెలుగు పల్లెల్లో తోలుపని మాదిగ ఇళ్ళ దగ్గరే సాగింది. లందలో (తోలు నానబెట్టే గుంటలో) తంగేడు చెక్కతోనూ కరక్కాయతోనూ తోలు ఊనడం, రైతుకు కిర్రు చెప్పులు, మోటకు తోలు బొక్కెన, ఎడ్లకు వార్లు, ఊరికి డప్పు అన్నీ వారి చేతిపనులే. ప్రతిఫలంగా కళ్ళంలో గింజలు ముట్టేవి. ఆ చెప్పులు తొడుక్కున్న ఊరే వాటిని కుట్టినవారిని వెలివాడలో ఉంచింది. చాలా చోట్ల పెద్దకులాల వీధుల్లో వారు చెప్పులతో నడవడానికి కూడా వీల్లేకుండా చేసింది. జాషువా ‘గబ్బిలం’ కావ్యంలో నాయకుడు చెప్పులు కుట్టే పేదవాడే. కరెంటు మోటార్లు వచ్చి మోటను, రబ్బరు చెప్పులు వచ్చి కిర్రు చెప్పును తీసేశాక పల్లెల్లో ఈ విద్య చాలావరకు మరమ్మతు పనికి పరిమితమైంది. ఇవాళ సరదాకోసమో వ్యాపారం కోసమో ఇంట్లో జోళ్ళ పని మొదలుపెట్టేవారు ఏ కులం నుంచి వచ్చినా, వాడే పనిముట్లు, పద్ధతులు చాలావరకు ఆ ఇళ్ళ నుంచి వచ్చినవే.

గది

గదికి ముందు చూడవలసింది వెలుతురు. నల్లతోలు మీద నల్లదారంతో కుట్టేటప్పుడు పైన వేలాడే బల్బు చాలదు, నీడ సరిగ్గా చేతి మీదే పడుతుంది. ఉత్తరపు కిటికీ పక్కన కూర్చుంటే రోజంతా ఒకే తీరు వెలుగు ఉంటుంది, ఎండ తోలు మీద పడదు. రాత్రి పనికి మెడ వంచే టేబుల్ లైటు కావాలి.

కూర్చునే పద్ధతి రెండు రకాలు. మన పనివాళ్ళు నేలమీద కూర్చుని, రాతిపలక మీద తోలు కోసి, పనిని మోకాళ్ళ మధ్యనో పాదాల కిందనో పట్టి ఉంచుతారు. ఐరోపా పద్ధతిలో పొట్టి పీట మీద కూర్చుని జోడును తొడమీద పెట్టి తోలుపట్టీతో బిగిస్తారు. అలవాటు లేనివారికి నేల కష్టం. అలాగని ఎత్తు టేబుల్ మీద లాస్టు పని సాగదు, లాగడానికి ఒంటి బరువు అందదు. కోతకు నడుమెత్తు బల్ల, బిగింపుకు పొట్టి పీట రెండూ ఉంచుకోవడం మంచిది. కోత కింద మెత్తని చెక్కదిమ్మ గానీ ప్లాస్టిక్ మ్యాట్ గానీ వేయాలి. నున్నటి రాతిపలక ఒకటి తప్పనిసరి. సోలు తోలును తడిపి దాని మీద పెట్టి సుత్తితో కొడితే పోగులు దగ్గరై తోలు గట్టిపడుతుంది.

నిల్వ గురించి వానాకాలం నేర్పుతుంది. చెక్కరసంతో ఊనిన తోలుకు తేమ తగిలితే బూజు పడుతుంది. తోలును మడవకుండా, నునుపువైపు బయటికి వచ్చేలా చుట్టి, నేలకు ఎత్తుగా గాలాడే చోట పెట్టాలి. పాలిథిన్ సంచిలో కట్టి పెడితే బూజును పెంచినట్లే. తడి తోలు మీద ఇనుప మేకు గానీ తుప్పుపట్టిన కత్తి గానీ పెట్టకూడదు. చెక్కలోని టానిన్‌తో ఇనుము కలిస్తే చెరగని నల్లమచ్చ పడుతుంది. కలంకారీలో కరక్కాయ పెట్టిన బట్ట మీద ఇనుప కషాయం నల్లబడటం ఈ చర్యే. తోలుకు నల్లరంగు వేయడానికి అన్నభేది వాడటమూ అందుకే.

లాస్టు

లాస్టు అంటే పాదం ఆకారంలో ఉండే దిమ్మ. ఆగ్రా పనివాళ్ళు ఫర్మా అంటారు. జోడు రూపం, కొలత, సుఖం మూడూ దీని మీదే తేలతాయి. తోలు ఎంత మంచిదైనా లాస్టు తప్పయితే జోడు కరుస్తుంది. లాస్టు సరైనదైతే నాసిరకం తోలుతో చేసిన జోడు కూడా నడవడానికి హాయిగా ఉంటుంది. అందుకే మొదటి ఖర్చు దీనికే పెట్టాలి.

పూర్వం బీచ్, హార్న్‌బీమ్, మేపుల్ వంటి గట్టి కర్రతో లాస్టులు చెక్కేవారు. ఇప్పుడు ఎక్కువగా పాలిథిలీన్‌వి వస్తున్నాయి. జోడులోంచి తీయడానికి వీలుగా మధ్యలో మడత కీలు ఉంటుంది. కుడి ఎడమలకు వేరువేరు లాస్టులు వాడటం కూడా అంత పాతది కాదు. పంతొమ్మిదో శతాబ్దం దాకా రెండు పాదాలకూ ఒకే తిన్నని లాస్టు చాలా చోట్ల మామూలే.

లాస్టు పాదానికి నకలు కాదు. పాదం వేళ్ళ ముందు 10 నుంచి 15 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి, నడిచేటప్పుడు పాదం ముందుకు జారుతుంది గనుక. మడమ దగ్గర లాస్టు పాదం కంటే సన్నగా ఉండాలి, లేకపోతే జోడు జారిపోతుంది. ముందు కొన కాస్త పైకి లేచి ఉంటుంది. మడమ ఎత్తు కూడా లాస్టులోనే నిర్ణయమై ఉంటుంది. అర అంగుళం హీలు కోసం చేసిన లాస్టు మీద రెండంగుళాల హీలు వేస్తే జోడు కొన నేలకు గుచ్చుకుంటుంది.

సైజుల లెక్కల్లో ఇంగ్లీషు పద్ధతి, ఫ్రెంచి పద్ధతి ఎక్కువ వాడుక. ఇంగ్లీషు సైజు ఒక్కటి అంగుళంలో మూడో వంతు, అంటే 8.46 మిల్లీమీటర్లు. పిల్లల లెక్క 4 అంగుళాల దగ్గర సున్నాతో మొదలై 13 దాకా వెళ్ళి, ఆపైన పెద్దల లెక్క మళ్ళీ 1 నుంచి వస్తుంది. ఆ లెక్కన పెద్దల 8వ నంబరు లాస్టు పొడవు 4 అంగుళాలకు 21 మూడో వంతులు కలిపి 11 అంగుళాలు, అంటే దాదాపు 279 మిల్లీమీటర్లు. ఫ్రెంచి సైజు ఒక్కటి సెంటీమీటరులో మూడింట రెండు వంతులు. 279 మిల్లీమీటర్లను దానితో భాగిస్తే 42 వస్తుంది. డబ్బాల మీద 8, 42 పక్కపక్కనే కనిపించడానికి కారణం ఇదే. రెండూ లాస్టు పొడవును చెప్పేవే, పాదం వెడల్పును చెప్పవు. భారతీయుల పాదాలు పాశ్చాత్యుల పాదాల కంటే వెడల్పు అన్నది చెన్నైలోని కేంద్ర చర్మ పరిశోధన సంస్థ 2021-22లో లక్షమందికి పైగా పాదాలు కొలిచి తేల్చిన విషయం. ‘భా’ అనే దేశీయ సైజు పద్ధతిని ఆ సర్వే ఆధారంగానే ప్రతిపాదించారు.

ఇంటి కార్ఖానాలో ఒక మనిషికి చేసేటప్పుడు రెండు పాదాలనూ సాయంత్రం వేళ, నిలబెట్టి, బరువు సమానంగా వేయించి కొలవాలి. పొద్దుట కంటే సాయంత్రానికి పాదం కొంత ఉబ్బుతుంది. కాగితం మీద గీత గీసి పొడవు, ఆపైన టేపుతో వేళ్ళ మొదలు దగ్గర చుట్టుకొలత, మీగాలు దగ్గర చుట్టుకొలత, మడమ వెనక నుంచి మీగాలు మీదుగా చుట్టుకొలత తీసుకుంటారు. వేళ్ళ మొదలు దగ్గర కొలత మీదే అన్నింటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి, జోడు మడతపడేది అక్కడే. కొలతలకు దగ్గరగా ఉన్న లాస్టు ఎంచుకుని, తక్కువైన చోట తోలు ముక్కలో కార్కో అతికించి ఆకురాయితో నునుపు చేస్తే సరిపోతుంది. లాస్టును పెంచడం తేలిక, తగ్గించడం కష్టం కాబట్టి అనుమానం ఉన్నప్పుడు సన్నదే కొనాలి. ఫ్యాక్టరీలు మోడల్ మార్చినప్పుడు వదిలించుకునే పాత లాస్టులు కొత్తవారికి బాగా పనికొస్తాయి. స్కాన్ చేసిన పాదం నుంచి త్రీడీ ప్రింటర్ మీద లాస్టు తీయించడం ఇప్పుడు సాధ్యమే. అయితే పైన చెప్పిన సవరింపులు తెలియకుండా పాదాన్ని ఉన్నదున్నట్లు ప్రింట్ చేయిస్తే అది బొమ్మగా తప్ప లాస్టుగా పనికిరాదు.

తోలు

అప్పర్ల తోలు ఎక్కువగా క్రోమ్ ఉప్పులతో ఊనింది. మెత్తగా ఉంటుంది, సాగుతుంది, నీటికి తట్టుకుంటుంది. 1884లో ఆగస్ట్ షుల్జ్ పేటెంటుతో మొదలైన ఈ పద్ధతి, చెక్కరసంతో నెలలు పట్టే పనిని రోజులకు తెచ్చింది. సోల్, ఇన్‌సోల్, హీలు ముక్కలకు మాత్రం ఇప్పటికీ చెక్కరసంతో ఊనిన తోలే కావాలి. తడిపితే ఒంగి, ఆరాక ఆ రూపంలోనే నిలిచిపోయే గుణం దానిదే.

మందాలు ఇంచుమించు ఇలా ఉంటాయి: అప్పర్ 1.2 నుంచి 1.6 మిల్లీమీటర్లు, లైనింగ్ 0.8 నుంచి 1, ఇన్‌సోల్ 3 నుంచి 3.5, సోల్ 5. అప్పర్‌కు దూడతోలు, ఆవుతోలు, లైనింగ్‌కు మేకతోలు, సోలుకు బర్రెతోలు మామూలు ఎంపిక. గొర్రెతోలు చూడటానికి ముచ్చటగా ఉన్నా పొరలుగా ఊడుతుంది, జోళ్ళకు నప్పదు. అప్పర్ తోలును చదరపు అడుగుల లెక్కన, సోలు తోలును కిలోల లెక్కన అమ్ముతారు. మామూలు లేసుల బూటు జతకు కోత వృథాతో కలిపి రెండు, రెండున్నర అడుగుల అప్పర్ తోలు పడుతుంది. దక్షిణాదిలో చెన్నై పెరియమేట తోళ్ళకు పెద్ద బజారు. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేటల్లోని టానరీల సరుకు అక్కడికి వస్తుంది.

ఒక తోలులో అన్నిచోట్లా ఒకే గుణం ఉండదు. వెన్ను పక్కన, పిరుదుల మీద తోలు గట్టిగా, దట్టంగా ఉంటుంది. పొట్ట, కాళ్ళ సందుల్లో వదులుగా ఉండి సాగుతుంది. జోడు ముందుభాగాన్ని మంచిచోట కోసి, లైనింగుకు, నాలుకకు పొట్టభాగం వాడాలి. కోసేముందు ముక్కను రెండు చేతులతో లాగి ఎటు తక్కువ సాగుతుందో చూసి, ఆ దిశ మడమ నుంచి వేళ్ళవైపు వచ్చేలా అచ్చు పెట్టాలి. ఎడమ కుడి ముక్కలు తోలు మీద పక్కపక్కనే తీయకపోతే జతలో ఒకటి ఒకలా, ఇంకొకటి ఇంకొకలా మెరుస్తుంది.

పనిముట్లు

ఆరె, రంపె, సుత్తి, పకారు. ఈ నాలుగూ ఉంటే జోడు తయారవుతుంది. ఆరె కుట్టుకు బెజ్జం పొడిచేది. అప్పర్‌కు తిన్ననిది, సోలుకు వంపుది కావాలి. రంపె వెడల్పు పదునుతో తోలు కోయడానికి, అంచు పలచన చేయడానికి పనికొస్తుంది. అంచు పలచన చేయడం కొత్తవారికి అన్నింటికంటే విసుగు పుట్టించే పని. దానిలో కుదురు రాకపోతే రెండు ముక్కలు కలిసిన చోట గట్టులా లేచి పాదానికి ఒరుసుకుంటుంది. మొద్దు కత్తే ప్రమాదకరం, చేయి బలం పెట్టాల్సి వచ్చి జారుతుంది. సానరాయి, దాని పక్కన నునుపుకు తోలుపట్టీ ఎప్పుడూ చేతికందాలి. లాస్టింగ్ పకారు ముక్కు వెడల్పుగా, పక్కన సుత్తిలాంటి బుడిపెతో ఉంటుంది. తోలును పట్టి లాగి, ఆ బుడిపెను ఆనించి మీటి, అదే చేత్తో మేకు కొట్టడానికి అలా చేశారు. మామూలు పకారుతో ఈ పని సాగదు.

కుట్టుమిషను విషయంలో తొందరపడకూడదు. ఇంట్లోని మామూలు మిషను తోలుసూది వేస్తే పలచని తోలు రెండు పొరలను కుడుతుంది, అంతకు మించి దాని మోటారును నమ్మకూడదు. మరమ్మతు దుకాణాల్లో కనిపించే చేతితో తిప్పే సన్నచేతి మిషను, జోడు లోపలికి దూరి ఏ దిశలోనైనా కుడుతుంది. మొదటి యంత్రంగా అది చాలు. నిలువు స్తంభంలాంటి మిషను నెలకు పదుల జతలు చేసేవారికి తప్ప అక్కర్లేదు. చెప్పులే చేసేవారికి మిషను లేకపోయినా గడుస్తుంది.

సోలు అంచులు అరగదీయడానికి అర హార్స్‌పవర్ మోటారుకు గరుకు కాగితపు చక్రం తగిలిస్తే సరిపోతుంది. మామూలు ఇంటి కరెంటు మీదే నడుస్తుంది. దాని ధూళి సంగతి కింద ఉంది.

పని వరుస

బూటుతో మొదలుపెట్టకూడదు. రెండు పొరల సోలు, దాని చీలికల్లోంచి దూర్చిన వార్లు, బొటనవేలికి ఉంగటం ఉన్న చెప్పుతో మొదలుపెట్టాలి. కోత, అంచు, అతుకు, కుట్టు నాలుగూ దానిలోనే నేర్చుకోవచ్చు, తప్పినా పోయే తోలు కొంచెమే. కొల్హాపురి చెప్పు ఇందుకు మంచి నమూనా. 2019లో మహారాష్ట్ర, కర్ణాటకల్లోని ఎనిమిది జిల్లాలకు కలిపి భౌగోళిక గుర్తింపు పొందిన ఈ చెప్పులో మేకు ఉండదు, అన్నీ తోలు కుట్లే.

బూటు పని కాగితం మీద మొదలవుతుంది. లాస్టు మీద మాస్కింగ్ టేపు అంగుళం కూడా ఖాళీ లేకుండా అతికించి, దానిమీద బూటు గీతలు గీసి, టేపును కోసి తీసి చదును చేస్తారు. గుండ్రని వస్తువు మీది పొరను బల్లపరుపుగా చేయడం గనుక ముడతలు రాక తప్పదు. లోపలివైపు, బయటివైపు రెండు పొరలు తీసి సగటు చూసుకుంటే అచ్చు కుదురుతుంది. ఒక ముక్క మీద ఇంకొకటి ఎక్కే చోట 8 మిల్లీమీటర్లు, అంచు మడిచే చోట 5, లాస్టు కిందికి మడిచి బిగించే చోట 15 నుంచి 18 మిల్లీమీటర్లు అదనంగా వదలాలి. ఈ చివరిది తక్కువ వదిలితే పకారుకు పట్టు దొరకక అప్పటిదాకా చేసిందంతా వృథా అవుతుంది. అచ్చును ముందు చవక రెక్సిన్‌తో కుట్టి లాస్టు మీద లాగి చూసుకున్నాకే తోలు కోయాలి.

అప్పర్ ముక్కలు కోసి, అంచులు పలచన చేసి, కుట్టి, లైనింగ్ కలిపాక అసలు పని వస్తుంది. తడిపిన ఇన్‌సోల్‌ను లాస్టు అడుగున మూడు మేకులతో బిగించి, చుట్టూ చెక్కి ఆరనిస్తారు. వేళ్ళ కొనకు, మడమకు గట్టిదనం ఇచ్చే ముక్కలను మైదా జిగురుతో లైనింగుకు అప్పర్‌కు మధ్య పెడతారు. అప్పర్‌ను కాస్త చెమ్మ చేసి లాస్టు మీద తొడిగి మొదట వేళ్ళ కొనను, తరవాత దాని రెండు పక్కలను, ఆపైన మడమను లాగి మేకులు కొడతారు. నడుము భాగం చివర వస్తుంది. ప్రతి లాగుడుకూ ఎదుటివైపు నుంచి సరిసమానంగా లాగాలి. వెనక కుట్టు లాస్టు మధ్యగీత మీద తిన్నగా ఉందో లేదో మాటిమాటికీ చూసుకోవాలి. కొన దగ్గర ముడతలను చిన్నచిన్నగా విడదీసి అణచడమే నేర్పరి చేతికి, కొత్త చేతికి ఉన్న తేడా. ఇలా బిగించిన జోడు కనీసం ఒక రోజు, చేతిపని బూటు అయితే కొన్ని రోజులు లాస్టు మీదే ఉండాలి. తొందరపడి తీస్తే తోలు వెనక్కి ముడుచుకుని రూపం పోతుంది. ఒకే జత లాస్టులతో రోజుకో జత చేయడం కుదరనిది ఇందుకే.

సోలు బిగించే ప్రధాన దారులు రెండు. మొదటిది వెల్ట్ కుట్టు. ఇన్‌సోల్ అడుగున చెక్కిన గట్టుకు, అప్పర్‌కు, సన్నని తోలుపట్టీకి కలిపి చుట్టూ ఒక కుట్టు, ఆ పట్టీకి సోలుకు ఇంకో కుట్టు. తేనెమైనం, రోజిన్ పట్టించిన నారదారాన్ని రెండు కొనలనూ ఒకే బెజ్జంలోంచి ఎదురెదురుగా లాగుతారు. కుట్టు ఒకచోట తెగినా మిగతాది ఊడదు, సోలు అరిగితే విప్పి కొత్తది వేసుకోవచ్చు. మధ్యలో పల్లంగా మిగిలిన చోట కార్కు నింపి, మడమకు వేళ్ళకు మధ్య ఒంగకుండా సన్నని ఉక్కుపట్టీ పెడతారు. చేయి తిరిగినవారికి కూడా ఇలాంటి జతకు రోజుల పని పడుతుంది.

రెండోది సొల్యూషన్‌తో అతికించడం. ఇవాళ బజారులోని జోళ్ళలో ఎక్కువ భాగం ఇలాంటివే, ఇంటి కార్ఖానాకూ తేలిక. ఊడిపోయే జోడు గురించి జనం సొల్యూషన్‌ను తిడతారు గానీ చాలాసార్లు తప్పు సిద్ధం చేయడంలో ఉంటుంది. లాస్టు కిందికి మడిచిన అప్పర్ అంచు మీది నునుపుపొరను గరుకుగా గీకెయ్యాలి, లేకపోతే అతుకు తోలుకు కాక దాని మీది రంగుకు పడుతుంది. రెండువైపులా పలచగా రాసి, వేలికి అంటనంతగా ఆరనిచ్చి, ఇంకోసారి రాసి ఆరబెట్టి, వేడి చూపి ఒకే దెబ్బన కలిపి సుత్తితో అంతా కొట్టాలి. మామూలు సొల్యూషన్ తోలుకు, రబ్బరుకు సరిపోతుంది. పీవీసీ సోలుకు అది నిలవదు, అందులోని మెత్తదనపు నూనెలు అతుకును తినేస్తాయి. దానికి పాలియురేథేన్ సొల్యూషన్ వాడాలి. థర్మోప్లాస్టిక్ రబ్బరు, ఈవీఏ సోళ్ళకు ముందుగా ప్రత్యేకమైన ప్రైమర్ పూయాలి. సోలు కొనేటప్పుడు అది ఏ పదార్థమో అడిగి తెలుసుకోవడం అందుకే.

హీలును తోలు ముక్కలు ఒకదానిపై ఒకటి అతికించి, మేకులు దించి, కింద రబ్బరు పలక వేసి ముగిస్తారు. అంచులు అరగదీసి, రంగు, మైనం పట్టించి వేడి ఇనుముతో రుద్దితే గాజులా మెరుస్తాయి. లాస్టు తీశాక లోపల చేయి పెట్టి మేకు మొన ఏదైనా తగులుతుందేమో వెతకాలి.

గాలి

ఇంటి కార్ఖానాకు అసలు హద్దు ఇదే. సొల్యూషన్‌ను పలచన చేసే ద్రావకాలు గది గాలిలోకే ఆవిరవుతాయి. ఇస్తాంబుల్‌లో చిన్న గదుల్లో పనిచేసిన చెప్పుల పనివాళ్ళకు రక్తక్యాన్సర్ రావడానికి జిగురులోని బెంజీన్ కారణమని ముజఫర్ అక్సోయ్ అనే వైద్యుడు 1970ల్లో చూపించాడు. జపాన్‌లో ఇళ్ళలో చెప్పులు అతికించేవారికి కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కి చచ్చుబడటానికి హెక్సేన్ కారణమని 1960ల చివర్లో తేలింది. ఈ రెండు చోట్లా జబ్బుపడినవారు ఎక్కువగా తలుపులు మూసిన చిన్న గదుల్లో రోజంతా పనిచేసినవారే. అంటే ఇంటి కార్ఖానాల వాళ్ళే.

అందువల్ల జిగురు పనికి వసారా, మేడమీద చోటు అన్నింటికంటే మంచివి. గదిలోనే చేయాల్సి వస్తే బల్ల ఎత్తులోనే, గోడకు బయటికి గాలి తోసే ఫ్యాను పెట్టి, గాలి మనిషి వెనకనుంచి వచ్చి పనిమీదుగా బయటికి పోయేలా చూడాలి. చాలా ద్రావకాల ఆవిరి గాలి కంటే బరువు. పైకప్పు ఫ్యాను దాన్ని గదంతా కలుపుతుంది తప్ప బయటికి పంపదు. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు, బొగ్గు కార్ట్రిడ్జ్ ఉన్నదే ఆపుతుంది. డబ్బా మూత తెరిచి ఉంచకూడదు, పక్కగదిలో పొయ్యి వెలుగుతుండగా జిగురు పని చేయకూడదు, పసిపిల్లలు, గర్భిణులు పడుకునే గదిలో అసలు పెట్టకూడదు. నీటితో చేసిన జిగుర్లు దొరుకుతున్నాయి. ఆరడానికి ఎక్కువసేపు పట్టినా ఇంటికి అవే మేలు.

తోలు ధూళి రెండో సంగతి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని ముక్కులో క్యాన్సర్ కలిగించే పదార్థాల్లో చేర్చింది. అరగదీసే చక్రం దగ్గర వాక్యూమ్ గొట్టం ఉండాలి, గది చీపురుతో కాక తడిగుడ్డతో శుభ్రం చేయాలి.

నేర్చుకునే చోట్లు, ఆదాయం

పనిని చూసి నేర్చుకోవడానికి పాతబస్తీ వీధిలోని మరమ్మతు పనివాడి దగ్గర కూర్చోవడం కంటే మంచి మొదలు లేదు. ఏ జోడు ఎక్కడ విరుగుతుందో అతనికి తెలిసినంతగా తయారీదారుకు తెలియదు. పద్ధతిగా నేర్చుకోవాలంటే హైదరాబాద్ గచ్చిబౌలిలో పాదరక్షల రూపకల్పన, అభివృద్ధి సంస్థ ఉంది. చెన్నైలో కేంద్ర పాదరక్షల శిక్షణ సంస్థ ఉంది. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో చెప్పుల తయారీ ఒకటి. శిక్షణ కాలంలో రోజుకు రూ. 500 భృతి, పనిముట్లకు రూ. 15,000, రెండు విడతల్లో మొత్తం రూ. 3 లక్షల దాకా 5 శాతం వడ్డీకి అప్పు అందులో ఉన్నాయి.

బజారులో ఐదువందలకు దొరికే జోడుతో ధరలో పోటీ పడాలనుకుంటే ఇంటి కార్ఖానా ఓడిపోతుంది. తోలు ధరే దానికి సరిపోతుంది. దీని గిరాకీ ఫ్యాక్టరీ పట్టించుకోని పాదాల్లో ఉంది. పాదం బాగా వెడల్పు ఉన్నవారు, రెండు పాదాలు రెండు సైజులున్నవారు, పోలియోతో ఒక కాలు పొట్టిదైనవారు, బొటనవేలు పక్కకు ఒరిగి ఎముక లేచినవారు, వీరిలో ఎవరికీ పెట్టెలో వచ్చే జత సరిపడదు. ఒక లాస్టును వారి కొలతకు సవరించి ఉంచుకుంటే తరవాతి జతకు వారు మళ్ళీ అక్కడికే వస్తారు. మధుమేహంతో అరికాళ్ళ స్పర్శ తగ్గినవారి గిరాకీ ఇంకా పెద్దది. మెత్తని మైక్రోసెల్యులార్ రబ్బరు లోపలి పొరగా, గట్టి రబ్బరు కింది సోలుగా వేసే చెప్పులను 1950ల్లో వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ బృందం కుష్ఠురోగుల కోసం తీర్చిదిద్దింది. ఇప్పుడు అవే మధుమేహ రోగులకూ ఇస్తున్నారు. కొలతలు, మెత్తదనం వైద్యుడు చెప్పినట్లే ఉండాలి. వెనకపట్టీ తప్పక వేయాలి, లేకపోతే స్పర్శ లేని కాలి నుంచి చెప్పు జారినా తెలియదు. ఈ చెప్పుల్లో ఎక్కడా మేకు వాడరు, అతుకు, కుట్టు మాత్రమే.